మీ అవ్వ ఫోను నీ చేతికి ఎట్లా వచ్చింది?

నీ ప్రశ్న రెండుసార్లు చదివానమ్మా. తిరుపతిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నావు. కాలేజీలో "నిత్యజీవితంలో టెక్నాలజీ, నా ఆలోచనలు" అని వ్యాసం రాయమన్నారు. నువ్వు లాభాలు ఒక పేజీ, నష్టాలు ఒక పేజీ రాసిస్తే మీ మేడం "బాగుంది, కానీ ఇందులో నువ్వెక్కడున్నావు?" అని తిప్పి ఇచ్చారు. మళ్లీ ఎట్లా రాయాలి అని నన్ను అడిగావు. మొదట రాసింది ఫోన్లో ఏఐ చేత రాయించానని కూడా దాచకుండా చెప్పావు. చివర్లో ఇంకో మాట రాశావు: "నా జీవితంలో చెప్పుకోదగ్గ టెక్నాలజీ ఏమీ లేదు సార్. మామూలు ఫోనే. శనివారం పాకాల దగ్గర మా ఊరికి పోతే అవ్వ ఫోను, నాయన పొలం మోటరుకు వాడే ఫోను, అమ్మకు పాల సెంటర్ నుంచి వచ్చే మెసేజీలు అన్నీ నేనే చూడాలి, అంతే."

ఆ "అంతే" అన్న చోటే నీ వ్యాసం మొదలవుతుంది. మా అమ్మాయి కంటే చిన్నదానివి గనక నువ్వు అనే అంటున్నాను. ఊరికి పోగానే ఇంట్లో అందరి ఫోన్లూ నీ ముందుకు ఎందుకు వస్తున్నాయి? నువ్వు పుట్టకముందు ఆ పని ఎవరు చేసేవాళ్లు? మీ మేడం నిన్ను వెతికింది అక్కడేనని నాకు గట్టిగా అనిపిస్తోంది.

నేను 1982లో చిత్తూరులో టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేరి, 2018లో తిరుపతిలో రిటైరయ్యాను. ఆ ముప్పై ఆరేళ్లలో ఒక విషయం కళ్లారా చూశాను. కొత్త యంత్రం వచ్చిన ప్రతిసారీ పని తగ్గిందని అంటారు. కొన్నిసార్లు నిజంగానే తగ్గుతుంది. ఎక్కువసార్లు మాత్రం ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతికి పోతుంది. వరమా శాపమా అని కొట్టుకునేవాళ్లు ఆ రెండో మనిషి వైపు చూడరు.

నేను చేరిన కొత్తలో చిత్తూరు నుంచి మద్రాసుకు మాట్లాడాలంటే 180కి ఫోన్ చేసి ట్రంక్ కాల్ బుక్ చేసుకోవాలి. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని మూడు రకాలు. తొందర పెరిగేకొద్దీ ఛార్జీ పెరుగుతుంది. ఆపరేటరమ్మ నంబరు చీటీ మీద రాసుకుని, అవతలి ఊరి ఆపరేటర్‌ను పిలిచి, లైను దొరికాక మనకు మళ్లీ ఫోన్ చేసి "మాట్లాడండి" అనేది. హెడ్‌సెట్ పెట్టుకుని ఎనిమిది గంటలు కూర్చునే ఆ అక్కలకు ఊరి సంగతులన్నీ తెలుసు. ఎవరింట్లో పురుడు, ఎవరి కొడుకు ఉద్యోగంలో చేరాడు, ఎవరి ఆరోగ్యం బాగాలేదు, అన్నీ. చావు కబురైతే లైను కలిపేటప్పుడే వాళ్ల గొంతు మారిపోయేది.

తర్వాత ఎస్టీడీ వచ్చింది, అంటే ఆపరేటర్ లేకుండా మనమే నేరుగా వేరే ఊరి నంబరు తిప్పుకునే పద్ధతి. దేశంలో మొదటి ఎస్టీడీ 1960లోనే కాన్పూర్, లక్నోల మధ్య మొదలైనా, చిన్న ఊళ్లకు అది చేరడానికి చాలా ఏళ్లు పట్టింది. దాన్ని దగ్గర చేసినవాటిలో సీ-డాట్ అనే ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ వాళ్లు మన దేశంలోనే తయారుచేసిన పల్లె ఎక్స్ఛేంజి ఒకటి. 128 లైన్ల చిన్న పెట్టె. మొదటిది 1986లో కర్ణాటకలోని కిట్టూరులో పెట్టారు. ఏసీ గది అడగకుండా దుమ్ములో, ఎండలో పనిచేయడం దాని గొప్పతనం. మన రాయలసీమ ఎండకు సరిగ్గా సరిపోయిన యంత్రం. దాన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

ఎస్టీడీ వచ్చాక ఆపరేటర్ అవసరం లేదన్నారు. కానీ ఆమె చేసే పని మాత్రం అట్లాగే మిగిలింది. చిత్తూరుకు 08572, తిరుపతికి 0877 అని కోడ్‌లు గుర్తుపెట్టుకోవాలి. ఎంగేజ్ వస్తే మళ్లీ మళ్లీ తిప్పాలి. మీటర్ ఎంత తిరిగిందో చూసుకోవాలి. ఇవన్నీ మాట్లాడే మనిషి నెత్తిన పడ్డాయి. చదువురాని పెద్దవాళ్లు ఏం చేశారు? పసుపు బోర్డు పెట్టుకున్న ఎస్టీడీ బూత్ అబ్బాయి దగ్గరికి పోయారు. రాత్రి పొద్దుపోయాక పావు ఛార్జీ అని, వీధిలో నిలబడి కాచుకుని, చీటీ మీద నంబరు అతని చేతికిచ్చి తిప్పించుకున్నారు. అంటే ఆపరేటరమ్మ పని బూత్ అబ్బాయికి వచ్చింది. ఆ తర్వాత సెల్‌ఫోన్లు వచ్చి బూత్‌లు మూతపడ్డాయి.

మరి ఆ పని ఎక్కడికి పోయింది? నీ దగ్గరికి వచ్చింది తల్లీ. మీ ఇంట్లో ఇప్పుడు ట్రంక్ ఆపరేటర్ నువ్వే. ఎక్స్ఛేంజిలో అక్కలకు జీతం ఉండేది, షిఫ్టు ఉండేది, పక్కన పది మంది తోడు ఉండేవాళ్లు. బూత్ అబ్బాయికి కమీషన్ ఉండేది. నువ్వు మాత్రం శనివారం బస్సు దిగి కాళ్లు కడుక్కునేలోపే మొదలుపెట్టాలి. నువ్వు వారమంతా తిరుపతిలో ఉంటే, అవ్వ ఫోనుకు వచ్చిన మెసేజీ శనివారం దాకా ఎదురు చూడాలి. ఈ సంగతి ఏ వ్యాసాల పుస్తకంలోనూ ఉండదు, నీకు మాత్రం తెలుసు.

మీ అమ్మ పాల మెసేజీల దగ్గరికి వద్దాం. నాకు అది చాలా ముఖ్యంగా కనబడుతోంది. పాల సెంటర్‌లో ఇప్పుడు క్యాన్‌లోంచి కాస్త శాంపిల్ తీసి మిషన్‌లో పెడితే ఫ్యాట్ ఎంత, ఎస్ఎన్ఎఫ్ ఎంత అని అంకెలు వస్తాయి. ఎస్ఎన్ఎఫ్ అంటే కొవ్వు కాకుండా పాలలో ఉండే మిగతా ఘనపదార్థాలు. లీటరు రేటు ఆ రెండు అంకెల మీదే. అంతకుముందు పాలలో తేల్చి చూసే లాక్టోమీటర్ అనే గాజు గొట్టం ఉండేది. పాలలో నీళ్లు కలిపితే పాలు పలచబడి లాక్టోమీటర్ ఇంకా లోపలికి మునుగుతుంది, రీడింగు తగ్గుతుంది. కానీ దానికో లొసుగు ఉంది. పాల మీద మీగడ తీసేస్తే, తేలికైన కొవ్వు పోతుంది గనక మిగిలిన పాల సాంద్రత పెరుగుతుంది. అప్పుడు నీళ్లు పోస్తే రీడింగు మళ్లీ మామూలుకు వస్తుంది. మీగడా పోయింది, నీళ్లూ కలిశాయి, లాక్టోమీటర్ మాత్రం పాలు మంచివే అంటుంది. అందుకే కొవ్వును విడిగా కొలిచే పద్ధతి కావాల్సి వచ్చింది. మంచి పాలు పోసే మీ అమ్మకు ఇది మేలే చేసింది. ఒకరు నీళ్లు కలిపితే అందరి మీదా అనుమానం పడే రోజులు తగ్గాయి.

ఇంకోవైపు కూడా చూడు. ఒకప్పుడు రేటు తగ్గిస్తే మీ అమ్మ సెంటర్ అతని ముఖం మీదే "ఏం నాయనా, నిన్నటి పాలేగా, ఇయ్యాల ఏమైంది?" అని అడగగలిగేది. ఇప్పుడు అతను మిషన్ చూపిస్తాడు. ఒక శాంపిలుకూ ఇంకోదానికీ మధ్య మిషన్‌ను సరిగ్గా కడిగారా, దాన్ని ఎప్పుడు సరిచూశారు అని అడగడం ఆమెకు తెలియదు. ఆ రెండు ప్రశ్నలు నువ్వు నేర్పితే చాలు. మీ అమ్మ పోట్లాడనక్కర్లేదు, అడిగితే చాలు. అడిగేవాళ్లున్న చోట మిషన్లు శుభ్రంగా ఉంటాయి.

ఇక ఆ మెసేజీ ఇంగ్లీషులో వస్తుంది గనకే నువ్వు చదివి చెప్పాల్సి వస్తోంది. అది ఇంగ్లీషులోనే ఎందుకు వస్తుందో ఎప్పుడైనా ఆలోచించావా? దీంట్లో నా వృత్తికి సంబంధించిన కారణం ఒకటుంది. ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది 140 బైట్లు, బైటుకు 8 బిట్లు. ఇంగ్లీషు అక్షరానికి 7 బిట్లు చాలు గనక 160 అక్షరాలు పడతాయి. తెలుగుకు అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే యూనికోడ్ వాడాలి, ఒక్కోదానికి 16 బిట్లు. అంటే 70 మాత్రమే పడతాయి. పైగా మనం ఒక అక్షరం అనుకునేది కంప్యూటర్‌కు ఒకటి కాదు. "తిరుపతి" మన కంటికి నాలుగక్షరాలు. దానికి మాత్రం త, గుడి, ర, కొమ్ము, ప, త, గుడి అని ఏడు. "శ్రీ" అని ఒక్కటి రాస్తే నాలుగు. కాబట్టి అదే సంగతి తెలుగులో చెప్పాలంటే రెండు మెసేజీలు పట్టొచ్చు, రెండింటికీ డబ్బు కట్టాలి. పంపేవాళ్లు ఆ ఖర్చు మిగుల్చుకున్నారు. ఆ ఖర్చు శనివారం దాకా మీ అమ్మ ఎదురుచూడటంగా, నువ్వు చదివి చెప్పడంగా మారింది. నా అభిప్రాయం అడిగితే, పాలు పోసే మనిషికి ఆమె పాల లెక్క ఆమె భాషలో చెప్పడం ఏ కంపెనీకైనా కనీస మర్యాద. ఇన్నేళ్లు మెసేజీలను మోసే తీగల మధ్య పనిచేసినవాడిగా ఆ మాట గట్టిగా చెబుతాను.

మోటరు ఫోను సంగతి మీ నాయన్నే అడుగు. నాకు తెలిసింది చెబుతాను. పొలానికి త్రీఫేజ్ కరెంటు రోజుకు కొన్ని గంటలే. ఒకప్పుడు చాలా రోజులు అది అర్ధరాత్రి వచ్చేది. టార్చిలైటు పట్టుకుని గెనిమల మీద నడుచుకుంటూ పోయి స్టార్టర్ నొక్కి రావాలి. చీకట్లో పాములు, తడిచేత్తో స్టార్టర్ ముట్టుకుంటే షాక్. మన జిల్లాలో ఆ రాత్రి నడకలో మనుషుల్ని పోగొట్టుకున్న కుటుంబాలున్నాయి. మా పెద్దమ్మ కొడుకు అట్లాగే పోయాడు. అందుకని సిమ్ కార్డు పెట్టిన స్టార్టర్ బాక్సును మొదటిసారి చూసినప్పుడు, ఇంట్లో మంచం మీద కూర్చుని ఫోన్ చేస్తే అక్కడ మోటరు ఆడుతుంటే, నాకు కళ్లనీళ్లు వచ్చాయి. ఫేజ్ పోతే మెసేజీ వస్తుంది, బోరులో నీళ్లు తగ్గితే మోటరు కాలిపోకుండా అదే ఆగుతుంది. ఇక్కడ పని ఎవరి చేతికీ మారలేదు. ఆ నడక నిజంగానే పోయింది. ఇట్లాంటిది కనబడితే మనసారా మెచ్చుకుని రాయి, సంకోచించకు.

అయితే పక్కనే ఇంకోటుంది. కరెంటు రాగానే దానంతట అదే మోటరు వేసే ఆటో స్టార్టర్లు. మోటరు మొదలయ్యేటప్పుడు నడిచేటప్పటి కంటే అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఇరవై మోటర్లుండి, కరెంటు వచ్చిన క్షణమే అన్నీ ఒక్కసారి లేస్తే వోల్టేజీ పడిపోతుంది, ఫ్యూజులు పోతాయి, ఒక్కోసారి ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతుంది. ఎవరి మటుకు వాళ్లకు సుఖం, అందరికీ కలిపి నష్టం. మనుషులు నడిచిపోయి వేసినప్పుడు ఒకరు ముందు, ఒకరు వెనక వేసేవాళ్లు గనక ఈ బాధ అంతగా ఉండేది కాదు. ఒక్కో స్టార్టర్‌కు ఒక్కో ఆలస్యం పెట్టుకుంటే సరిపోతుంది. దానికి రైతులు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవాలి. మీ ఊళ్లో అట్లా మాట్లాడుకున్నారా? ఈ ఒక్క ప్రశ్నకు మీ నాయన చెప్పే జవాబు నీకు రెండు పేజీలకు వస్తుంది.

తిరుపతిలో నువ్వు రోజూ చూసేదాంట్లోంచి కూడా ఒకటి చెబుతాను. గోవిందరాజస్వామి గుడి వైపు పూలమ్మే ఒకామె దగ్గర నేను చాలా ఏళ్లుగా పూలు కొంటున్నాను. బుట్ట పక్కన క్యూఆర్ అట్ట, దాని పక్కన సౌండ్ బాక్సు. అట్ట మీద పసుపు, కుంకుమ, నీళ్లు అన్నీ పడి ఒక మూల చెరిగిపోయింది. అయినా స్కాన్ అవుతుంది. క్యూఆర్ కోడ్‌ను 1994లో జపాన్‌లో డెన్సో వేవ్ అనే కంపెనీలో మసాహిరో హారా, ఆయన జట్టు తయారుచేశారు. కార్ల విడిభాగాల లెక్క కోసం. ఫ్యాక్టరీలో నూనె మరకలు అంటుకున్నా చదవగలగాలని, కొంత భాగం చెడిపోయినా మిగతాదాంతో లెక్కగట్టి తిరిగి రాబట్టుకునే గణితం అందులో పెట్టారు. గట్టి రకంలో దాదాపు 30 శాతం దాకా చెడినా పనిచేస్తుంది. మూలల్లో మూడు చదరాలున్నాయి చూడు, అవి అట్ట ఎట్లా తిరిగి ఉన్నా కెమెరాకు దిక్కు తెలియడానికి. పేటెంటు ఉన్నా, దాన్ని వాడుకునేవాళ్ల మీద ఆ కంపెనీ హక్కు చూపలేదు. అందుకే అది పూలబుట్ట దాకా వచ్చింది. మన దేశంలో 2016లో యూపీఐ వచ్చాక ఈ అట్ట ప్రతి బండి మీదకూ ఎక్కింది.

సౌండ్ బాక్సు మీద నాకు ప్రత్యేకమైన గౌరవం ఉంది. దాంట్లో ఒక సిమ్ ఉంటుంది. డబ్బు పడగానే తెలుగులో గట్టిగా చెబుతుంది. చదువు రాని మనిషి, రెండు చేతులా మాల కడుతూ, తల ఎత్తకుండానే తన డబ్బు వచ్చిందని తెలుసుకుంటుంది. స్క్రీన్ చూపించి మోసం చేసేవాళ్ల ఆట కట్టింది. చదవడం రాకపోవడం ఆ ఒక్క చోట లోటు కాకుండా పోయింది.

ఒకరోజు నేను "అమ్మయ్య, చిల్లర బాధ తప్పింది కదా" అన్నాను. ఆమె మాల కడుతూనే "తప్పింది సామీ. దుడ్లూ తప్పినాయి" అంది. అర్థం కాలేదు. అడిగితే చెప్పింది. అట్ట కొడుకు బ్యాంకు అకౌంటుకు కట్టి ఉంది. ఆమెకు స్మార్ట్‌ఫోన్ లేదు, అకౌంటు ఉన్నా ఎప్పుడూ వాడలేదు. బాక్సు ఆమె పక్కన పలుకుతుంది, డబ్బు కొడుకు దగ్గర పడుతుంది. ఇంతకుముందు సాయంత్రానికి రొంటిన దోపుకున్న డబ్బు ఆమెది. కొంత పూల మండీకి, కొంత బియ్యానికి, కొంత ఎవరికీ చెప్పకుండా కొంగు ముడిలో. ఇప్పుడు మందు మాత్రకు కూడా కొడుకును అడగాలి. కొడుకు చెడ్డవాడు కాదు, అడిగితే ఇస్తాడు. కానీ తన డబ్బు తను అడగడం ఆమెకు కొత్త.

నేను ఆమె పేరు మీదే అట్ట మార్పిస్తానన్నాను. బ్యాంకు ఖాతాకు ఆమె పేరు మీద ఫోన్ నంబరు కలపాలి, అట్టను ఆ ఖాతాకు కట్టించాలి, ఒక పూట పని. ఆమె ఆలోచించి, "వద్దులే సామీ, వాడేమనుకుంటాడో" అంది. ఇప్పటికీ అట్ట కొడుకుదే. నేను మళ్లీ అడుగుతాను, తొందరపెట్టను. డిజిటల్ ఇండియా మీద నువ్వు చదివే ఏ పేరాలోనైనా ఈ కొంగు ముడి కనబడిందా? మీ అమ్మ పాల డబ్బు ఎవరి అకౌంటులో పడుతోంది? వ్యాసంలో రాయకపోయినా ఫరవాలేదు, తెలుసుకో.

కాపలా పని సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అవ్వ ఫోను నీ చేతిలో ఉంది. బ్యాంకులో కౌంటర్ దగ్గర సంతకం చూసి, ముఖం చూసి డబ్బిచ్చే మనిషి ఉన్నప్పుడు కాపలా అతని పని. ఇప్పుడు అది మన పని. మా వీధిలో ఒక టీచరమ్మ పాత ఫ్రిజ్ అమ్మకానికి పెడితే, కొంటానన్నవాడు ఒక క్యూఆర్ పంపి, "స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు మీకు వస్తుంది" అన్నాడు. ఆమె కొట్టింది. 18 వేలు పోయాయి. సిగ్గుపడి రాత్రంతా ఎవరికీ చెప్పలేదు, పొద్దున నా దగ్గరికి వచ్చింది. సైబర్ మోసాల కోసం ఉన్న 1930 నంబరుకు ఫోన్ చేయించి ఫిర్యాదు ఇప్పించాను, అప్పటికే డబ్బు చేతులు మారిపోయింది. యూపీఐలో పిన్ కొట్టేది డబ్బు పంపడానికి, బ్యాలెన్స్ చూసుకోవడానికి. డబ్బు రావడానికి పిన్‌తో పనే లేదు. మోసం జరిగిందని తెలియగానే, ఆ క్షణమే 1930కి చేయాలి. దొంగ ఆ డబ్బును ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాకు జరుపుతూ పోతాడు. తీసుకునేలోపు చెబితే ఆ ఖాతాలో ఆపగలిగే అవకాశం ఉంటుంది. అవ్వకు ఇది చెప్పేటప్పుడు "పొరపాటు జరిగినా నిన్ను ఎవరూ తిట్టరు" అని కూడా చెప్పు. టీచరమ్మ డబ్బు పోవడానికి కారణం తెలియకపోవడం ఒక్కటే కాదు, ఆ రాత్రి సిగ్గు కూడా.

వేలిముద్రల సంగతి నువ్వు రాయలేదు గానీ అది మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. జీవితమంతా చెనిక్కాయలు పెరికి, చింతపండు కొట్టి, కొడవలి పట్టిన చేతుల వేలిగీతలు అరిగిపోతాయి. రేషను షాపులోనో పింఛను దగ్గరో అట్లాంటి పెద్దామె వేలు పెడితే మిషన్ "పడలేదు" అంటుంది. పక్కనున్న అందరికీ ఆమె ఎవరో తెలుసు, ఆమే అని రుజువు చేసుకోవాల్సింది మాత్రం ఆమె. ఆధార్‌లో పది వేళ్లతో పాటు రెండు కనుపాపలు కూడా తీసుకున్నారు. వేలు పడకపోతే కన్నుతో చూసే మిషన్ ఉందా అని అడగాలని చాలామందికి తెలియదు.

గుర్తుపెట్టుకోవడం కూడా చేతులు మారిన పనే. ఒకప్పుడు వందల నంబర్లు నాకు నోటికి వచ్చేవి. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏర్లై పారినప్పుడు మా వీధిలో కరెంటు పోయి, నా ఫోనూ మా ఇంటామె ఫోనూ రెండూ ఆగిపోయాయి. పక్కింటివాళ్ల ఫోన్లో కాస్త ఛార్జింగు ఉందని ఇచ్చారు. మా అమ్మాయికి చేద్దామంటే నంబరు మా ఇద్దరిలో ఎవరికీ గుర్తు రాలేదు. పాత డైరీ వెతికి పట్టుకునేసరికి అరగంట పట్టింది. మా ఇంటామె భయంతో వణికిపోయింది. ఆ మర్నాడే గోడ క్యాలెండరు మీద అయిదు నంబర్లు పెద్దగా రాశాను. మీ ఇంట్లో కూడా రాసి పెట్టు, అవ్వకు కనబడేంత పెద్దగా.

ఏఐ చేత రాయించానన్నావు. తప్పు పట్టను. మనుషులు ఇప్పటిదాకా రాసిన కోట్ల వాక్యాలు చూసి, ఏ మాట తర్వాత ఏ మాట రావచ్చో లెక్కగట్టి రాస్తుంది అది. ఈ విషయం మీద ఎక్కువమంది ఏం రాశారో అదే నీకు ఇచ్చింది. లాభాలు, నష్టాలు. మీ అవ్వను అది చూడలేదు. ఇక్కడ కూడా పని చేతులు మారింది. రాసే పని దానికిచ్చి, అది రాసింది నిజమా కాదా చూసే పని నువ్వు తెచ్చుకున్నావు. ఆ రెండో పనే కష్టం. నువ్వు సొంతంగా రాశాక అచ్చుతప్పులు చూడమని దాన్ని అడుగు, హాయిగా వాడుకో. ముందు మాత్రం నువ్వు రాయి.

ఎట్లా రాయాలన్నావు కదా. శుక్రవారం కాలేజీ అయిపోయినప్పటి నుంచి ఆదివారం సాయంత్రం తిరిగొచ్చేదాకా ఒక చిన్న నోటుబుక్కు దగ్గర పెట్టుకో. నీ చేతికి ఎవరెవరు ఫోను ఇచ్చారు, ఏ పని కోసం, ఎంతసేపు పట్టింది, అది రాసుకో. బస్సులో కిటికీ పక్కన కూర్చో. చిత్తూరు పోయే దారిలో గాదంకి వస్తుంది. అక్కడి పరిశోధన కేంద్రంలో 1024 యాంటెన్నాలు నేలమీద వరసగా పాతి ఉన్నాయి. అన్నీ కలిసి ఒకే రాడార్‌గా పైనున్న గాలి కదలికలను చూస్తాయి. ఒక్కోటి చూడటానికి దూరదర్శన్ కోసం మన మిద్దెల మీద కట్టుకున్న యాంటెన్నా జాతిదే. దాన్ని వ్యాసంలో పెట్టమని చెప్పడం లేదు. వారం వారం దాని పక్కనుంచే పోతూ, నా చుట్టూ టెక్నాలజీ ఏమీ లేదని రాశావు గనక చెబుతున్నాను.

తిరుమల దర్శనం టికెట్టు గురించి ఒక పేరా రాయొచ్చు, తిరుపతి పిల్లవు గనక. మూడు వందల రూపాయల టికెట్ల కోటా నెలల ముందే ఆన్‌లైన్లో పెడతారు. గంటల తరబడి కంపార్ట్‌మెంట్లో కూర్చునే బాధ చాలామందికి తగ్గింది, అది నిజమైన మేలు. ఆ ఉదయం ఫోను పట్టుకుని కూర్చునేది ఎవరో, నెట్ సెంటర్‌కు ఎవరు పోతున్నారో, దూరపు బంధువుల నుంచి "మాకూ ఒకటి తీయమ్మా" అని నీకు ఎన్ని ఫోన్లు వస్తాయో నువ్వే రాయాలి. అది నాకంటే నీకు బాగా తెలుసు.

పేజీల లెక్క పెట్టుకోకు. మూడు వస్తువులు చాలు, అవ్వ ఫోను, నాయన మోటరు, అమ్మ పాలు. వాటిల్లో ఏది నిన్ను ఎక్కువ కదిలిస్తే దాని దగ్గర ఎక్కువసేపు ఉండు, మిగతావి చిన్నగా ముగించినా ఎవరూ ఏమనరు. నీకు విసుగు వచ్చిన సందర్భం ఉంటే అది కూడా రాయి. పరీక్షలప్పుడు అవ్వ మూడోసారి ఫోను ఇస్తే కోపం రాలేదా? వస్తుంది. మా ఎక్స్ఛేంజిలో అక్కలకు కూడా వచ్చేది, పండగ పూట లైన్లన్నీ నిండిపోయినప్పుడు.

చివరగా అవ్వ దగ్గర కూర్చుని ఒకటి అడుగు. పెళ్లయి ఈ ఊరికి వచ్చిన కొత్తలో పుట్టింటికి కబురు ఎట్లా పంపేది? ఉత్తరం ఎవరు రాసిపెట్టేవాళ్లు, వచ్చిన జవాబు ఎవరు చదివి వినిపించేవాళ్లు, చదివే మనిషి ముందు చెప్పలేని మాట ఉంటే ఏం చేసేది? టెలిగ్రామ్ వచ్చిందంటే విప్పకముందే ఏడుపు మొదలైన ఇళ్లు నాకు తెలుసు. 2013 జూలైలో ఆ టెలిగ్రామ్ కూడా ఆగిపోయింది. మీ ఇంటికి ఎప్పుడైనా వచ్చిందేమో అడుగు. ఆమె చెప్పేటప్పుడు ఫోన్లో రికార్డు చేసుకున్నా సరే, కానీ ఆమెను అడిగి చెయ్యి. రాసేటప్పుడు ఆమె మాటల్ని ఆమె అన్నట్టే రాయి, పుస్తకాల తెలుగులోకి మార్చకు. రాసింది నాకు పంపితే తప్పకుండా చదువుతాను.